కంటి సిరలో అడ్డు: పద్నాలుగు నెలలు, ఎనిమిది సూదులు

నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు, నీరు కారదు. రెండో కన్ను బాగున్నంతకాలం లోటు కూడా తెలియదు. నాకు తెలిసింది ఎడమ కంట్లో నలక పడి దాన్ని మూసుకున్నప్పుడు. కుడికంటితో చూస్తే ఎదుటి మనిషి నుదురూ కళ్లూ బాగానే ఉన్నాయి, ముక్కు నుంచి కిందికంతా పొగ పట్టినట్టుంది. తలుపు చట్రం నిలువు గీత మధ్యలో వంకర తిరిగింది. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, చూపులో కింది సగం మసకబారితే కంటి వెనక తెర, అంటే రెటీనా, పైభాగంలో ఏదో జరిగిందని లెక్క.

మసక అనగానే అందరూ చేసే పని అద్దాల షాపుకు పోవడం. దానికి ముందు ఇంట్లోనే ఒకటి చూసుకోవచ్చు. దళసరి అట్టముక్కకు గుండుసూదితో చిల్లు పొడిచి, ఒక కన్ను మూసుకుని ఆ చిల్లులోంచి చూడాలి. అక్షరాలు తేటపడితే అది చాలావరకు పవర్ సమస్య. తేటపడకపోతే అద్దాలు మార్చి లాభం లేదు. శుక్లం ముదిరినా తేటపడకపోవచ్చు, అప్పుడైనా వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికే. వంకర గీతలు కూడా కనిపిస్తుంటే నేరుగా రెటీనా చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అదీ ఆ వారంలోనే.

నా రిపోర్టులో రాసింది బీఆర్‌వీవో, అంటే రెటీనా కొమ్మ సిర మూసుకుపోవడం. ఇంటికి వచ్చేసరికి అది "కంటి నరం బ్లాక్" అయిపోయింది. ఈ నరం అన్న మాటతో మనకు పెద్ద చిక్కే ఉంది. సెలైన్ ఎక్కించేదీ నరానికే, తిమ్మిరెక్కేదీ నరానికే. సిర వేరు, నాడి వేరు అన్న తేడా మాటలో పోతుంది. దాంతో "నరాల బలహీనత"కు మందుల షాపువాడిచ్చే బీ విటమిన్ బిళ్లలు వేసుకుంటూ నెలలు గడిపేవాళ్లున్నారు. ఇక్కడ మూసుకున్నది నాడి కాదు, రెటీనా నుంచి వాడిన రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సన్నని గొట్టం.

ఎందుకు మూసుకుంటుందంటే, రెటీనా మీద ధమనులూ సిరలూ ఒకదాని మీదుగా ఒకటి దాటే చోట్లు ఉంటాయి. అక్కడ రెండింటికీ కలిపి ఒకటే తొడుగు ఉంటుంది. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ధమని గోడ గట్టిపడి, తొడుగులో పక్కనే ఉన్న మెత్తటి సిరను నొక్కేస్తుంది. నొక్కిన చోట రక్తం సుడి తిరుగుతుంది, లోపలి పొర దెబ్బతింటుంది, గడ్డ కడుతుంది. ఈ దాటే చోట్లు చెవివైపు పైభాగంలో ఎక్కువ కాబట్టి కొమ్మ సిర అడ్డు కూడా అక్కడే ఎక్కువగా వస్తుంది. నాదీ అదే చోటు. కొమ్మ కాకుండా మొదలు సిరే మూసుకుంటే దాన్ని సీఆర్‌వీవో అంటారు. అందులో అడ్డు పడేది కంటి నాడి బయటికి పోయే జల్లెడలాంటి పొర దగ్గర. నీటికాసులు ఉన్నవాళ్లకు ఈ రెండో రకం ముప్పు ఎక్కువ.

సిర అంటే మురుగు కాలువ. అది పూడినా కొళాయి కట్టెయ్యలేదు కదా, ధమని రక్తం తెస్తూనే ఉంటుంది. వెనక ఒత్తిడి పెరిగి సన్నని గొట్టాలు చిట్లుతాయి, రక్తం మంట నాలుకల ఆకారంలో పరుచుకుంటుంది, నీరు ఊరి రెటీనా నడిబొడ్డైన మాక్యులా ఉబ్బుతుంది. ఆక్సిజన్ అందని రెటీనా వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది, అది గొట్టాలను ఇంకా కారేలా చేస్తుంది. చూపు పడిపోయేది ప్రధానంగా ఈ వాపు వల్లే. వైద్యం తగిలేది కూడా ఈ వాపుకే. పద్నాలుగు నెలల్లో నాకు బాగా అర్థమైంది ఇదే: కంట్లో వేసే సూది అడ్డును తీయదు. శరీరం పక్కదారులు వేసుకునేదాకా వాపును అణిచి ఉంచుతుంది, అంతే. ఆ సంగతి ముందే తెలిస్తే "మొన్న వేశారు, మళ్లీ ఎందుకు?" అన్న ప్రశ్న రాదు.

మొదటి రోజు పరీక్షల్లో వరస ముఖ్యం. చాలాచోట్ల లోపలికి వెళ్లగానే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసేస్తారు. అలా వేశాక రెండు విషయాలు చూడటం కుదరదు. ఒకటి, వెలుతురుకు కంటిపాప ముడుచుకునే తీరు; అడ్డు ఎంత తీవ్రమో అది చెబుతుంది. రెండు, కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర మీద కొత్త రక్తనాళాలు మొలిచాయా అన్నది. ఈ రెండు పరీక్షలూ సీఆర్‌వీవో వాళ్లకు ప్రాణం లాంటివి. "చుక్కలకు ముందు చూసేది ఏమైనా ఉందాండీ?" అని అడగడంలో తప్పు లేదు. చుక్కల్లో ట్రోపికమైడ్‌తో పాటు ఫెనైలెఫ్రిన్ కలిపి ఉంటుంది, అది బీపీని పెంచగలదు. బీపీ బాగా ఎక్కువున్నవాళ్లు ముందే చెబితే ఒక్క ట్రోపికమైడ్ వేస్తారు. పాప విచ్చుకోవడానికి అరగంట, మామూలవడానికి నాలుగైదు గంటలు. బండి నడుపుకుంటూ పోవద్దు.

తర్వాత ఓసీటీ స్కాన్, అంటే కాంతితో రెటీనా పొరల బొమ్మ తీయడం. గడ్డం ఆనించి పచ్చ చుక్కనో నీలం గీతనో చూస్తూ కూర్చోవాలి, రెండు నిమిషాల పని. రెటీనా మధ్యభాగం మందం మైక్రాన్లలో వస్తుంది. మామూలుగా 250 నుంచి 280 దాకా ఉంటుంది, నాది 548. చూపు 6/36, అంటే మామూలు కన్ను 36 మీటర్ల నుంచి చదివేది నేను 6 మీటర్ల నుంచి చదవగలను. ఇక్కడ రెండు మెలికలున్నాయి. యంత్రం మారితే కొలత మారుతుంది, ఎందుకంటే ఒక్కో కంపెనీ మందాన్ని ఒక్కో పొర నుంచి లెక్కిస్తుంది. వేరే ఊళ్లో తీసిన 310, మీ ఆస్పత్రిలో తీసిన 290, రెండూ ఒకటే కావచ్చు. కాబట్టి ప్రతిసారీ ఒకే యంత్రం మీద తీయించుకోవాలి. రెండోది, కంట్లో రక్తం అడ్డుపడి బొమ్మ మసకగా వస్తే యంత్రం పొరల గీతలు తప్పుగా గీస్తుంది, అంకె కూడా తప్పుతుంది. అంకె ఒక్కటే కాకుండా బొమ్మ కూడా చూపించమని అడగాలి. నల్లటి బుడగల్లాంటి ఖాళీలు కనిపిస్తే అవే నీళ్లు.

రంగు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్ నాకు మొదట్లో తీయలేదు. తాజా రక్తం కింద ఏమీ కనబడదు కాబట్టి, రక్తం కొంత ఆరాక రెండున్నర నెలలకు తీశారు. ఫ్లోరెసిన్ అనే పసుపుపచ్చ మందు, 20 శాతంది, 3 మి.లీ. చేతి సిరలోకి ఎక్కిస్తారు. అరనిమిషంలో వికారం రావచ్చు, ఊపిరి లోతుగా తీసుకుంటే నిమిషంలో పోతుంది. ఆ రోజంతా చర్మం పచ్చగా, మూత్రం నారింజ రంగులో ఉంటాయి, కామెర్లని కంగారు పడొద్దు. ఉబ్బసం, గతంలో మందులు పడకపోవడం ఉంటే తప్పక చెప్పాలి. దీంతో తెలిసేది రక్తం అందని భాగం ఎంత అని. అది విస్తారంగా ఉంటే ముందు ముందు కొత్త నాళాలు మొలిచే ప్రమాదం ఎక్కువ.

కంటి పరీక్షలతో పని అయిపోదు. నా బీపీ ఆ రోజు 170/100, అప్పటిదాకా చూపించుకున్న పాపాన పోలేదు. ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలు, క్రియాటినిన్, రక్తకణాల లెక్క, ఈఎస్‌ఆర్ రాశారు. హోమోసిస్టీన్ కూడా రాశారు; పూర్తి శాకాహారుల్లో బీ12 తగ్గితే ఇది పెరుగుతుంది, పెరిగితే సిరల్లో గడ్డ కట్టే స్వభావం పెరుగుతుంది. ఇక్కడ మాత్రం బీ12 బిళ్లకు అర్థముంది, అదీ పరీక్షలో తేలితేనే. యాభై లోపు వయసువాళ్లకు గడ్డ కట్టే జబ్బుల పరీక్షలు ఇంకొన్ని చేయిస్తారు. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లు ఆ సంగతి దాచకూడదు. గురక, పగటిపూట మగత ఉంటే అదీ చెప్పాలి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకూ దీనికీ సంబంధముంది. పొగ తాగేవాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

"బ్లాక్" అన్న మాట వినగానే చుట్టాలందరూ ఆస్పిరిన్ వేసుకోమంటారు. గుండె బ్లాకుకు వాడేది కంటి సిర అడ్డుకు పనిచేస్తుందని రుజువు లేదు. గుండె కోసం ముందే వాడుతున్నవాళ్లు మాత్రం ఆపకూడదు, కంటి సూది కోసం కూడా ఆపక్కర్లేదు. చుక్కల మందులు, కంటి వ్యాయామాలు, క్యారెట్ రసం ఇవేవీ ఈ వాపును తగ్గించవు. క్యారెట్ తినొద్దని కాదు, కూరగా బాగుంటుంది.

వైద్యం విషయానికొస్తే, వాపు మాక్యులా దాకా రాకుండా, చూపు 6/9 అంత బాగుంటే ఏమీ చేయకుండా నెలనెలా చూస్తూ ఉండొచ్చు. ఒకప్పుడు ఉన్న ఆయుధం లేజర్ ఒక్కటే. కొమ్మ సిర అడ్డులో గ్రిడ్ లేజర్ (వాచిన చోట గళ్లలా లేజర్ చుక్కలు పెట్టడం) చూపును కొంత మెరుగుపరుస్తుందని 1984లో అమెరికా అధ్యయనం తేల్చింది. మొదలు సిర అడ్డులో లేజర్ వాపును తగ్గిస్తుంది కానీ చూపు పెంచదని 1995లో తేలింది. 2010లో వచ్చిన బ్రేవో, క్రూజ్ అనే మందు పరీక్షలతో దారి మారింది. కొమ్మ అడ్డులో వీఈజీఎఫ్‌ను అడ్డుకునే రానిబిజుమాబ్ సూదిని నెలనెలా వేయించుకున్నవాళ్లు ఆరు నెలల్లో చార్ట్ మీద సగటున 18 అక్షరాలు ఎక్కువ చదివారు, ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లు 7. మొదలు అడ్డులో 15, వేయనివాళ్లలో 1 కూడా లేదు.

మందుల్లో రానిబిజుమాబ్ 0.5 మి.గ్రా., అఫ్లిబర్‌సెప్ట్ 2 మి.గ్రా., బెవాసిజుమాబ్ 1.25 మి.గ్రా., ఏదైనా సరే ఎక్కించేది 0.05 మి.లీ., ఒక్క చుక్క. రానిబిజుమాబ్‌కు 2015 నుంచి మన దేశంలో తయారైన రాజుమాబ్ దొరుకుతోంది, ధర తక్కువ. బెవాసిజుమాబ్ అసలు పేగు క్యాన్సర్ మందు. కంటికి అనుమతి లేకపోయినా ప్రపంచమంతా వాడతారు, ఎందుకంటే 4 మి.లీ. సీసా నుంచి చాలామందికి వస్తుంది, ఖర్చు బాగా పడిపోతుంది. మొదలు సిర అడ్డులో ఆరు నెలల చూపు లెక్కన ఇది అఫ్లిబర్‌సెప్ట్‌కు తీసిపోదని 2017లో స్కోర్2 అధ్యయనం చూపించింది. ఇబ్బందల్లా పంచడంలోనే. సీసా తెరిచి సిరంజిల్లోకి తీసేటప్పుడు శుభ్రత తప్పితే ఆ రోజు వేయించుకున్న అందరికీ ఒకేసారి ఇన్ఫెక్షన్ రావచ్చు. అడగాల్సింది మందు పేరొక్కటే కాదు, ఎక్కడ ఎలా పంచుతున్నారన్నది కూడా. మందును మీరే షాపులో కొని తీసుకెళ్లాల్సి వస్తే 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఐసు సంచిలో తేవాలి, గడ్డకట్టనివ్వకూడదు. వేశాక సీసా మీది స్టిక్కరు మీ ఫైలులో అంటించమనండి.

సూది రోజు గురించి భయమే ఎక్కువ, పని తక్కువ. కంటికురుపు గానీ కళ్లకలక గానీ ఉంటే ఆ రోజు వేయరు. బీపీ చాలా ఎక్కువున్నా వాయిదా. ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే తప్పక చెప్పాలి. ఉపవాసం అవసరం లేదు, మామూలు మందులన్నీ వేసుకుని, తిని వెళ్లాలి. తలస్నానం ముందురోజే లేదా ఆ ఉదయమే కానివ్వాలి, తర్వాత నాలుగైదు రోజులు కుదరదు.

బల్ల మీద పడుకోబెట్టి ప్రొపరకైన్ మత్తు చుక్కలు రెండు మూడుసార్లు వేస్తారు. రెప్పలకు పది శాతం, కంట్లోకి ఐదు శాతం పోవిడోన్ అయోడిన్. అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, ఇన్ఫెక్షన్‌ను ఆపేది ముఖ్యంగా ఇదే. మన కోస్తాలో ఒక విచిత్రం చూశాను: "నాకు రొయ్యలు పడవు" అనగానే అయోడిన్ మానేయమనడం. రొయ్యలు పడకపోవడానికి వాటిలోని మాంసకృత్తు కారణం, అయోడిన్ కాదు. ఆ మాట పట్టుకుని ఈ మెట్టు దాటేస్తే అసలు ప్రమాదం కొని తెచ్చుకున్నట్టే. తర్వాత రంధ్రమున్న గుడ్డ కప్పి, రెప్పలు విడదీసే క్లిప్పు పెడతారు. నిజంగా చిరాకు పెట్టేది ఈ క్లిప్పే. నల్లగుడ్డు అంచు నుంచి కొలత పట్టి, సొంత లెన్స్ ఉంటే 4 మి.మీ., శుక్లం ఆపరేషన్ అయి ఉంటే 3.5 మి.మీ. దూరంలో తెల్లగుడ్డులోంచి 30 గేజ్ సూది దించుతారు. నొక్కినట్టు అనిపిస్తుంది, మూడు సెకన్లు. ఈలోగా మాట్లాడొద్దు, నోటి నుంచి వచ్చే సూక్ష్మజీవులు కంటికి మహా చెడ్డవి. డాక్టరు కూడా మాట్లాడకుండా ఉంటేనే మేలు.

వెంటనే వేళ్లు లెక్కపెట్టమంటారు. లోపలి ఒత్తిడి ఒక్కసారి పెరగడం వల్ల క్షణాలపాటు చీకటి పడితే అక్కడే చెప్పాలి. సాయంత్రం దాకా ఇసుక పోసినట్టు మంట ఉంటుంది, అది మందుది కాదు, మిగిలిపోయిన అయోడిన్‌ది. చివర్లో సెలైన్‌తో బాగా కడగమని అడిగాక నాకు ఆ బాధ సగానికి తగ్గింది. చూపు కింది అంచులో నల్లటి గుండ్రటి బుడగలు తేలితే అవి గాలి బుడగలు. నిజానికి పైకి తేలాయి, మనకు కింద కనిపిస్తున్నాయి. రెండు రోజుల్లో పోతాయి. తెల్లగుడ్డు మీద ఎర్రటి రక్తపు మచ్చ పది, పదిహేను రోజులు భయపెడుతుంది, హాని లేదు. బోర్లా పడుకోవడం, తల వంచకపోవడం లాంటి పథ్యాలు దీనికి లేవు. అవి రెటీనా ఆపరేషన్ వాళ్లవి. మామూలుగా పడుకోవచ్చు, తినొచ్చు, టీవీ చూడొచ్చు. కంట్లోకి నీళ్లూ కుంకుడు రసమూ పోనివ్వకూడదు, కన్ను నలపకూడదు.

భయపడాల్సింది ఒకదానికే. మొదటి రోజు మంట తగ్గాక రెండో రోజు నుంచి వారంలోపు నొప్పి పెరుగుతూ, ఎరుపెక్కుతూ, చూపు తగ్గుతుంటే అది లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. వేలల్లో ఒకరికి వస్తుంది, కానీ గంటల లెక్క. రేపు పొద్దున చూద్దాం అనుకోకుండా ఆ రాత్రే వెళ్లాలి, ఫోనులో చుక్కలు రాయించుకోవడం కాదు.

నా లెక్కలు: మొదటి సూది తర్వాత నాలుగు వారాలకు 361 మైక్రాన్లు, చూపు 6/18. మూడో సూది తర్వాత 287, చూపు 6/9. ఇక ఆపి చూద్దామన్నారు. ఏడు వారాలకు మళ్లీ 402, చూపు 6/12. చాలామంది మానేసేది ఇక్కడే. మందు పనిచేయలేదని కొందరు, తగ్గిపోయిందని రెండో స్కానుకే పోకుండా ఇంకొందరు. అసలు సంగతి మందు అయిపోయింది, అడ్డు అలాగే ఉంది. అక్కడి నుంచి పద్ధతి మార్చారు: వాపు లేకపోయినా సూది వేసి, తర్వాతి తేదీని రెండేసి వారాలు జరపడం. ఆరు, ఎనిమిది, పది వారాలు. ఎక్కడ నీరు మళ్లీ కనబడితే అక్కడి నుంచి రెండు వారాలు వెనక్కి. వాపు వచ్చి పోతూ ఉంటే లోపలి కణాలు అరిగిపోతాయి, అప్పుడు స్కాన్ బాగున్నా చూపు రాదు.

సూదులకు లొంగని వాపుకు, నెలనెలా రాలేనివాళ్లకు డెక్సామెథసోన్ ఇంప్లాంట్ ఉంది. 0.7 మి.గ్రా. చిన్న కడ్డీ, 22 గేజ్ సూదితో పెడతారు, మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. స్టెరాయిడ్ కాబట్టి శుక్లం తొందరగా ముదురుతుంది, కంటి ప్రెషర్ పెరగవచ్చు. సాధారణంగా రెండో నెల దగ్గర ఎక్కువ పెరుగుతుంది, అప్పుడు కొలిపించుకోకపోతే ఉపయోగం లేదు. నీటికాసులు ఉన్నవాళ్లకు మామూలుగా పెట్టరు.

మొదలు సిర తీవ్రంగా మూసుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు రంగు పొర మీద కొత్త నాళాలు మొలిచి, నీరు బయటికి పోయే దారి మూసి, కన్ను రాయిలా గట్టిపడి భరించలేని నొప్పి వస్తుంది. మొదటి మూడు నెలల ప్రాంతంలో ఎక్కువ కాబట్టి పాతకాలం డాక్టర్లు దీన్ని వంద రోజుల నీటికాసులు అనేవారు. అందుకే మొదటి ఆరు నెలలు నెలనెలా, చుక్కలు వేయకముందు, చూడాలి. కొత్త నాళం కనిపించిందంటే రెటీనా అంచులంతా లేజర్ చేస్తారు. ఆ లేజర్ చూపును పెంచదు, కన్నును కాపాడుతుంది.

ఖర్చు గురించి ఒక మాట. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన ఆధునిక చికిత్సల జాబితాలో కంట్లో వేసే ఇంజెక్షన్లను చేర్చింది, ఆరోగ్య బీమా వీటిని పూర్తిగా తోసిపుచ్చకూడదంది. కానీ గరిష్ఠ పరిమితి పెట్టుకోవడానికి అప్పట్లో వీలిచ్చింది. ఒక్కో సూదికి ఎంత, ఏడాదికి ఎంత అన్నది పాలసీ కాగితంలో ముందే చూసుకోవాలి. అడ్మిషన్ రాసి ఉండాలని పేచీ పెడితే డేకేర్ అన్న ముద్రతో డిశ్చార్జి కాగితం, మందు స్టిక్కరు, సూదికి ముందూ తర్వాతా ఓసీటీ ప్రింట్లు జతచేయాలి.

ఇప్పుడు బీపీ రోజూ పొద్దున మాత్రకు ముందు, ఐదు నిమిషాలు కూర్చుని కొలుచుకుంటాను; 130/80 దాటితే రాసిపెట్టి డాక్టరు గారికి చూపిస్తాను. ఆవకాయ అన్నంలో ఒక ముక్కతో సరి. ఆదివారం ఆదివారం చదివే అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్ను విడిగా మూసి, అడుగు దూరంలో గళ్ల కాగితం చూస్తాను. కాగితం లేకపోతే బాత్రూం టైల్స్ గీతలు చాలు. ఎడమ కన్ను కూడా, ఎందుకంటే బీపీ రెండు కళ్లకూ ఒకటే. ఎనిమిదో సూది తర్వాత పది వారాలకు 279 మైక్రాన్లు, చూపు 6/9. తర్వాతి తేదీ పన్నెండో వారంలో.